గడగడా చదివేస్తుంది, కథేంటో అడిగితే చెప్పదు

మా అక్క కూతురు రెండో తరగతి. దసరా సెలవులకి వచ్చినప్పుడు ఇంగ్లీషు పుస్తకం తెచ్చి ఒక పాఠం గడగడా చదివి వినిపించింది. ఎక్కడా ఆగలేదు, తడబడలేదు. పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న మా అమ్మ మురిసిపోయింది. "బాగా చదివావు గానీ, ఇంతకీ ఆ కుందేలు ఎందుకు పారిపోయింది?" అని అడిగాను. పిల్ల నా వైపు వింతగా చూసి, "మిస్ ఇంకా ఆన్సర్స్ ఇవ్వలేదు పిన్నీ" అంది.

అందరం నవ్వాం. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. పిల్ల దృష్టిలో పాఠం చదవడం ఒక పని, దాని అర్థం తెలియడం ఇంకో పని. రెండోది మిస్ బోర్డు మీద రాసినప్పుడు వస్తుంది, నోట్సులోకి ఎక్కుతుంది, పరీక్షలో దిగుతుంది. కుందేలు ఎందుకు పారిపోయిందో పుస్తకంలోనే ఉంటుందని, తనే కనుక్కోవచ్చని ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. పిల్లలకి చదువు ఎంత వచ్చో చూడటానికి ప్రథమ్ సంస్థ దేశమంతా ఊళ్లలో చేసే అసర్ సర్వేలో 2022లో ఇంగ్లీషు కూడా చూశారు. ఐదో తరగతి పిల్లల్లో చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలు చదవగలిగినవాళ్లు 24.5 శాతం. 2016లో అది 24.7. ఎనిమిదో తరగతికి వచ్చినా 46.7 శాతమే. ఆ సర్వేలో నాకు నచ్చే విషయం ఒకటుంది. వాక్యం చదివిన పిల్లల్ని దాని అర్థం విడిగా అడుగుతారు, అదీ వాళ్ల సొంత భాషలో చెబితే చాలంటారు. చదవడం వేరు, అర్థం కావడం వేరు అని ఒప్పుకున్న పరీక్ష అది. మన బడుల్లో పెట్టే పరీక్షలు ఈ తేడాని సాధారణంగా పట్టించుకోవు.

ఈలోగా రెండు రాష్ట్రాల్లోనూ బడులు ఇంగ్లీషు వైపు జరిగిపోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన ఇంగ్లీషు మీడియం జీవోలను 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసినా, ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉండే పుస్తకాలు పిల్లల సంచుల్లోకి వచ్చేశాయి. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది తరగతుల దాకా ఇంగ్లీషు మీడియం మొదలైంది. ప్రైవేటు బడుల సంగతి చెప్పే పనేలేదు. ఏ మీడియం మంచిదనే తగువు ఇక్కడ తీర్చబోవడం లేదు. ఇంగ్లీషు పుస్తకం చేతిలో పెట్టాక పిల్లకి అది అర్థం కావాలంటే లోపల ఏం జరగాలి అన్నదే నా ప్రశ్న.

కూడిక కాదు, గుణకారం

దీనికి 1986లో గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు చాలా తేలికైన లెక్క ఒకటి చెప్పారు. చదివి అర్థం చేసుకోవడం అంటే రెండు శక్తుల గుణకారం. మొదటిది అక్షరాలను కూడబలుక్కుని మాటగా పలకగలగడం. రెండోది ఆ మాటలు ఎవరైనా నోటితో చెబితే విని అర్థం చేసుకోగలగడం. కూడిక అయితే ఒకటి లేకపోయినా రెండోది ఎంతో కొంత మిగులుతుంది. గుణకారంలో ఒకటి సున్నా అయితే జవాబు సున్నానే. మా అక్క కూతురికి మొదటిది నూటికి తొంభై ఉండొచ్చు. రెండోది దాదాపు లేదు.

ఇంగ్లండులోనో అమెరికాలోనో పుట్టిన పిల్ల ఒకటో తరగతిలో అడుగు పెట్టేసరికి రెండోది చాలావరకు సిద్ధంగా ఉంటుంది. ఐదారేళ్లు ఇంట్లో విన్న భాషే అది. అందుకే వాళ్ల గొడవంతా మొదటి దాని మీదే, అక్షరాల శబ్దాలు ఎలా నేర్పాలన్న దాని మీదే. మనం వాళ్ల ఫోనిక్స్ పుస్తకాలు తెచ్చుకుని, అవి పూర్తయితే పిల్లకి చదువు వచ్చేసినట్టే అనుకుంటున్నాం. వాళ్లకి ఇంట్లో ఉచితంగా దొరికిన సగం మన పిల్లలకి దొరకలేదన్న సంగతి ఆ పుస్తకాల్లో ఎక్కడా రాసి ఉండదు.

మరి మీ పిల్లకి ఎక్కడ చిక్కుపడిందో తెలుసుకోవడం ఎలా? డబ్బు ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. పిల్ల చదివి అర్థం కాలేదన్న పేరానే మీరు నెమ్మదిగా చదివి వినిపించండి. పుస్తకం పిల్లకి చూపించొద్దు. వినగానే అర్థమైతే చిక్కు అక్షరాల దగ్గరే. కూడబలుక్కోవడానికే బుర్ర అంతా ఖర్చయి, అర్థానికి మిగలడం లేదు. విన్నా అర్థం కాకపోతే అదే కథ తెలుగులో చెప్పండి. తెలుగులో అర్థమైతే చిక్కు ఇంగ్లీషు భాష దగ్గర. తెలుగులో చెప్పినా నోరు తెరుచుకుని చూస్తుంటే చిక్కు ఈ రెంటికీ అవతల ఉంది. ఆ కథలోని ప్రపంచమే పిల్లకి తెలియదు, లేదా కథ వినే అలవాటే లేదు. మూడింటికీ మందులు వేరు. మనం మాత్రం మూడింటికీ ఒకే మందు వేస్తాం, ట్యూషన్.

క్యాట్ అనే మాటలో ఎన్ని ముక్కలు

మొదటి చిక్కు గురించి ఎక్కువ చెప్పను, దాని మీద వీడియోలు బోలెడున్నాయి. కానీ తెలుగు పిల్లలకి ప్రత్యేకమైన సంగతి ఒకటుంది. మన లిపిలో 'క' ఒక అక్షరం, ఒకే దెబ్బలో పలికే ముక్క. అందులో క్ అనే హల్లు, అ అనే అచ్చు ఉన్నాయని గుణింతం రాసే పిల్లకి కూడా చెవికి తట్టదు. కన్నడ పిల్లల మీద సోనాలీ నాగ్ 2007లో అచ్చువేసిన పరిశోధనలో కూడా ఇలాంటి సంగతే కనబడింది. మన లిపికి అక్కాచెల్లెళ్లలాంటి ఆ లిపిలో చదివే పిల్లలకి మాటను అక్షరాలుగా విడగొట్టడం తొందరగానే వస్తుంది, ఇంకా చిన్న ధ్వనులుగా విడగొట్టడం మాత్రం నిదానంగా వస్తుంది. ఇంగ్లీషు చదవడానికి కావలసింది ఆ చిన్న ధ్వనులే. క్యాట్ అన్న మాటలో అలాంటివి మూడు.

దానికి తోడు మన పిల్లలకి తెలుగులో రాసిందే పలికే అలవాటు. ఇంగ్లీషులో 'పుట్', 'బట్' ఒకేలా రాసి రెండు రకాలుగా పలుకుతారు. యూరప్‌లో 13 భాషల పిల్లల్ని పోల్చిన 2003 నాటి అధ్యయనంలో, ఒకటో తరగతి ముగిసేసరికి చాలా భాషల పిల్లలు తెలిసిన మాటల్లో నూటికి తొంభైకి పైగా సరిగ్గా చదివితే, స్కాట్లండులో ఇంగ్లీషు చదివే పిల్లలు 34 దగ్గరే ఉన్నారు. ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడే పిల్లలే అంత నెమ్మదిగా వస్తుంటే, యూకేజీలో మన పిల్ల తడబడిందని టెన్షన్ పడటం అన్యాయం. (తెలుగులో కూడా ఏళ్లు గడిచినా అక్షరాలు కలిపి చదవలేకపోతుంటే అది వేరే విషయం. అప్పుడు డిస్లెక్సియా ఏమోనని నిపుణులకి చూపించాలి, తిట్టి లాభం లేదు.)

ఇంకొక చిన్న సంగతి. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి మన నోట్లో బస్ బస్సవుతుంది, బుక్ బుక్కవుతుంది. నవ్వుకుని వదిలేయొచ్చు. కానీ ఇంగ్లీషులో మాట చివర ఉండే చిన్న హల్లులోనే అర్థం దాక్కుని ఉంటుంది. 'డాగ్' ఒకటి, 'డాగ్స్' చాలా. 'వాక్' అంటే నడవడం, 'వాక్డ్' అంటే నడిచేశారు. ఆ చివరి ముక్క చెవికి వినబడని పిల్లకి ఎన్ని కుక్కలున్నాయో, సంగతి ఎప్పుడు జరిగిందో కూడా తెలియదు. చదివేటప్పుడు తప్పులు దిద్దాలనిపిస్తే ముందు ఆ చివరి ముక్కలు దిద్దండి. మిగతావి ఆగుతాయి.

మాటకి మాట పెట్టే అర్థం

రెండో చిక్కు అసలైనది. మన క్లాసుల్లో అర్థం చెప్పే పద్ధతి అందరికీ తెలిసిందే. ది ఫాక్స్ అంటే నక్క, సా అంటే చూసింది, ది గ్రేప్స్ అంటే ద్రాక్షలు. పిల్లలు కోరస్‌గా తిరిగి చెబుతారు. నక్క తెలుసు, ద్రాక్ష తెలుసు, చూడటం తెలుసు. వాక్యం మాత్రం ఎవరి బుర్రలోనూ కుదురుకోదు.

ఎందుకంటే రెండు భాషల్లో వాక్యం నిర్మాణమే తలకిందులు. 'షి వెయిటెడ్ అన్‌టిల్ ది రెయిన్ స్టాప్డ్' అన్న వాక్యం తీసుకోండి. మాటకి మాట పెడితే ఆమె, ఎదురుచూసింది, వరకు, వాన, ఆగింది. ఇందులో పిల్లకి రెండు విడి సంగతులు కనిపిస్తాయి. ఎదురుచూసింది, వాన ఆగింది. 'వాన ఆగేదాకా ఎదురుచూసింది' అన్న ముడి కనబడదు. తెలుగులో ఆ ముడిని క్రియకి తోకలా తగిలిస్తాం, వచ్చేదాకా, తినకుండా, పడినా. ఇంగ్లీషులో అది అన్‌టిల్, విదవుట్, దో అని మధ్యలో చిన్న మాటగా నిలబడుతుంది. పిల్లలు పెద్ద మాటల దగ్గర తికమక పడతారని మనం అనుకుంటాం. ఎలిఫెంట్ అన్న మాట ఏ పిల్లకైనా వస్తుంది, బొమ్మ ఉంటుంది కదా. అన్‌టిల్‌కి బొమ్మ లేదు.

అలాంటిదే హి, షి, ఇట్, దే గొడవ. 'కిరణ్ సంచీని రవి మోశాడు, ఎందుకంటే అతను అలసిపోయాడు' అన్న వాక్యం ఇంగ్లీషులో వస్తే, ఆ 'హి' ఎవరు? కిరణ్ అని మనం చటుక్కున అనుకుంటాం, అలసిన వాడి సంచీనే కదా ఇంకొకడు మోసేది. ఆ మెలిక వాక్యంలో రాసి లేదు, మన బుర్ర వేసింది. పిల్లతో చదివేటప్పుడు ప్రతి పేజీలో ఒకటి రెండు చోట్ల ఆగి 'ఈ హి ఎవరే?' అని అడగండి. వేలు పెట్టి చూపిస్తే చాలు. నేను చూసినంతలో పిల్లలకి ఇది దొంగా పోలీసు ఆటలా ఉంటుంది, విసుక్కోరు.

ఇక చెప్పడానికి కొంచెం ధైర్యం కావలసిన మాట. పిల్లని జవాబు తెలుగులో చెప్పనివ్వండి. 'సే ఇట్ ఇన్ ఇంగ్లిష్' అని పట్టుబట్టిన క్షణం మీరు పరీక్షిస్తున్నది ఇంగ్లీషులో మాట్లాడగలదా అన్నది, అర్థమైందా అన్నది కాదు. అర్థమైన పిల్ల కూడా ఇంగ్లీషు వాక్యం కట్టలేక నోరు మూసుకుంటుంది, ఏమీ రాదని మనం రాసేసుకుంటాం. ఎదురెదురు పేజీల పుస్తకం ఉంటే దాన్నీ ఇలాగే వాడొచ్చు. ముందు తెలుగు పేజీ హాయిగా చదివి, కథ మాట్లాడుకుని, తర్వాత ఇంగ్లీషు పేజీ వినిపించి, ఆ తర్వాత పిల్ల చేత చదివించడం. ఒక్కో మాటకీ పక్క పేజీలోకి తొంగిచూస్తే మళ్లీ నక్క, చూసింది, ద్రాక్షలే.

మిటెన్స్ ఎక్కడ తొడుక్కుంటారు

మూడో చిక్కు భాషది కానే కాదు. పిల్లల ఇంగ్లీషు పుస్తకాల్లో సామ్ మంచులో మిటెన్స్ తొడుక్కుని బయటికి వెళ్తాడు, స్నోమ్యాన్‌కి క్యారట్ ముక్కు పెడతాడు. మే నెలలో ఖమ్మంలో ఫ్యాను కింద కూర్చున్న పిల్ల మిటెన్స్ అంటే ఏమని ఊహించుకోవాలి? వేళ్లు కలిసిపోయిన ఉన్ని చేతి తొడుగులని చెప్పినా, అవి లేకపోతే సామ్ వాళ్లమ్మ ఎందుకు గాభరా పడుతుందో తెలియదు.

ముందే తెలిసిన సంగతి చదువుని ఎంత మోస్తుందో అమెరికాలో రెక్ట్, లెస్లీ అనే ఇద్దరు 1988లో చూపించారు. ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు 64 మందికి బేస్‌బాల్ ఆట గురించిన కథనం ఇచ్చి, చదివాక ఆ ఆటని చెక్క బొమ్మలతో నడిపించి చూపమన్నారు. చదువులో వెనకబడినా బేస్‌బాల్ బాగా తెలిసిన పిల్లలు, బాగా చదవగలిగి ఆట తెలియని పిల్లల కన్నా ఎంతో బాగా చేశారు. మనకి బేస్‌బాల్ ఎందుకు, క్రికెట్ ఉంది. ఇంగ్లీషంటే పారిపోయే కుర్రాడు ఐపీఎల్ స్కోర్ కార్డు, మ్యాచ్ రిపోర్టు ఇంగ్లీషులో ఎలా నమిలేస్తాడో చూడండి. రన్ అవుట్ అంటే ఏమిటో వాడికి డిక్షనరీ చెప్పలేదు.

అందుకని మొదటి ఇంగ్లీషు కథలు పిల్లకి తెలిసిన లోకం నుంచి రావాలి. సంక్రాంతి ముగ్గు, బస్టాండు, అమ్మమ్మ ఊరు, చెరువు. ఒకప్పుడు ఇలాంటివి ఇంగ్లీషులో దొరికేవి కావు. 2015లో ప్రథమ్ బుక్స్ మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో ఇప్పుడు బొమ్మల కథలు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉచితంగా ఉన్నాయి, మెట్టు మెట్టుగా కష్టం పెరిగేలా అమర్చి ఉన్నాయి. లోకం కూడా పెరగాలి కాబట్టి మంచు కథలూ చదవాలి, కానీ ఫ్రీజర్‌లో గీకిన మంచు పిల్ల అరచేతిలో ఓ నిమిషం పెట్టాక.

లింబడి పరీక్ష

ఇక ప్రశ్నల సంగతి. ఈ వాక్యం చదవండి: ఒక లింబడు జొప్పిలో తొలిమెను గుబికాడు. ఇప్పుడు జవాబు చెప్పండి. లింబడు తొలిమెను ఎక్కడ గుబికాడు? జొప్పిలో. ఏం గుబికాడు? తొలిమెను. ఎవరు గుబికారు? లింబడు. మూడుకి మూడు మార్కులు. ఇందులో ఒక్క మాటకీ అర్థం లేదు, నేనే ఇప్పుడు కల్పించాను.

పిల్లల ఇంగ్లీషు పాఠం కింద ఉండే ప్రశ్నల్లో చాలావాటికి ఇలాగే జవాబు రాయొచ్చు. ప్రశ్నలో మాట, పాఠంలో మాట కలిపి చూసి, ఆ లైను దించేస్తే సరి. టీచరు పెన్సిల్‌తో బ్రాకెట్లు పెట్టించి 'ఇక్కడి నుంచి ఇక్కడికి ఒకటో క్వశ్చన్' అంటే ఆ వెతుకులాట కూడా అక్కర్లేదు. ఈ జబ్బు మనదొక్కళ్లదే కాదు. డొలొరెస్ డర్కిన్ అనే పరిశోధకురాలు అమెరికాలో నాలుగో తరగతి రీడింగ్ పీరియడ్లు గంటల తరబడి కూర్చుని చూసి 1978-79లో రాసిందాని ప్రకారం, అర్థం చేసుకోవడం ఎలాగో నేర్పడానికి వాడిన సమయం ఒక శాతం కూడా లేదు. ప్రశ్నలు అడిగి అర్థమైందో లేదో చూడటం మాత్రం పుష్కలంగా జరిగింది. తూకం వేసినంత మాత్రాన మేక బలవదు కదా.

దించి రాయలేని ప్రశ్నలు ఎందుకు, ఎలా తెలిసింది, తర్వాత ఏమవుతుంది అన్నవే. వీటికి మన దగ్గర పాత బడి ఒకటుంది, దాన్ని బడి అని మనం అనుకోం. ఏడు చేపల కథ. రాజుగారి ఏడుగురు కొడుకులు ఏడు చేపలు తెచ్చి ఎండబెడితే ఒకటి ఎండలేదు. చేపా చేపా ఎందుకు ఎండలేదు? గడ్డిమేటు అడ్డం వచ్చింది. గడ్డిమేటా ఎందుకు అడ్డం వచ్చావు? ఆవు మేయలేదు. అలా పాలేరు, అవ్వ, ఏడ్చే పిల్లాడి మీదుగా చీమ దాకా. ప్రతి జవాబూ వెంటనే ఇంకో ప్రశ్న అవుతుంది. చదివినదానిలో కారణాన్ని వెనక్కి వెనక్కి తవ్వుకుంటూ పోవడం అన్న విద్య మొత్తం ఇందులో ఉంది. మూడేళ్ల పిల్లకి అమ్మమ్మ అన్నం పెడుతూ ఇది నేర్పేస్తుంది, అదీ ఇంగ్లీషు ఒక్క ముక్క రాకుండా. చదువుకోని తల్లులు 'మాకేం వస్తుందండీ సాయం చేయడానికి' అంటుంటారు. గుణకారంలో రెండో అంకెకి పునాది వాళ్ల చేతిలోనే ఉంది.

మా అక్క కూతురితో ఆ సెలవుల్లో నేను చేసింది అదే. కథ దానికి ముందే కంఠతా వచ్చు. అందుకని సరాసరి ఇంగ్లీషులో మొదలుపెట్టాను. 'ఫిష్, ఫిష్, వై డిడ్ యు నాట్ డ్రై?' మొదటి రోజు వింది. రెండో రోజు 'బికాజ్' అని నేను ఆగితే మిగతాది అందుకుంది. 'బికాజ్ గ్రాస్ కమ్.' దిద్దలేదు, తిరిగి సరిగ్గా నేను అన్నాను, అంతే. మూడో రోజు అట్టముక్కల మీద ఒక్కో వాక్యం రాసి నేల మీద పరిచాను. వరస తప్పించి పెడితే సరిచేసి పెట్టింది. ఆ పిల్ల ఇంగ్లీషు వాక్యాన్ని అర్థం కోసం చదవడం నేను చూసింది అప్పుడే. గడగడా చదవలేదు. ఆగి, వెనక్కి వెళ్లి, చీమ అట్టముక్క చేతిలో పట్టుకుని ఆలోచించింది.

ఇక సర్దేద్దామంటే ఆపింది. "పిన్నీ, చీమ కుట్టడం వరకూ తెలిసింది. మరి చివరికి ఆ చేప ఎండిందా?"

మా అమ్మ వైపు చూశాను. డెబ్బై ఏళ్లుగా ఆ కథ చెబుతున్న ఆవిడ కూడా నా వైపే చూస్తోంది.